వాగు దాటని సన్నాయి

మా తాత అహోబిలం స్వామి పల్లకి ముందర జీవితమంతా సన్నాయి వాయించి, చివరికి దాన్ని ఇంట్లో చిలక్కొయ్యకు తగిలించి కన్నుమూశాడు. అప్పటికి మా మేనమామ నరసింహులుకు మీసాలు కూడా రాలేదు. నంద్యాలలో శేషయ్య అనే విద్వాంసుడి ఇంట్లో చేరి సన్నాయి నేర్చుకున్నాడు. సొంత వాయిద్యం కొని, స్వామి ముందర తొలిసారి ఊదేదాకా తన ఇల్లు దాటి ఎక్కడా ఊదకూడదని ఆ గురువుగారి కట్టడి. అందుకని మామ ఆళ్లగడ్డ దగ్గరి మా ఊరికి ఎప్పుడొచ్చినా వట్టి చేతులతోనే వచ్చేవాడు.

మా అవ్వ వెంకటలక్ష్మమ్మ కాళ్లు పడిపోయి మంచానికే అతుక్కుపోయింది. కొడుకు సన్నాయి ఒక్కసారి చెవిన పడాలి, ఆమెకున్న కోరిక అంతే.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. బస్సులు పెట్రోలు మానేసి బొగ్గు తిని నడిచేవి. అట్లాంటి బస్సులో ఒళ్లంతా మసి చేసుకుని మామ ఊరికొచ్చి, సొంత సన్నాయి ఎంచుకోబోతున్నానని చెప్పాడు. అవ్వ మొహం వెలిగిపోయింది.

"మీ నాయన యట్ల ఎంచుకున్న్యాడో తెల్సునా? నన్ను వాగు ఈ గట్టున నిలబెట్టి, తాను ఆ గట్టు నుంచి ఊదినాడు. యాది వినపడితే దానికి నేను కొంగు ఊపల్ల. నువ్వూ మీ అక్కను నిలబెట్టి చూసుకో నాయనా."

మామ నవ్వాడు. "అది పాతకాలంమా. ఇప్పుడు విద్వాంసులు సభల్లో కూచోని వాయిస్తాండారు."

విద్య నేర్చుకునే పిల్లోడికి కాస్త గర్వం ఉంటే ఉండనీ. కానీ పల్లకి ముందర నడిచేవాడికి సభతో ఏం పని?

నంద్యాలలో గురువుగారి ఇంటికి అరవదేశం నుంచి ఒకాయన సన్నాయిలు తెచ్చాడు. పొట్టి సన్నాయి ఊదితే గది గోడల మధ్య చెవులు చిల్లులు పడ్డాయి. పొడుగుది ఊదితే తేనె కారింది. మామ తేనె ఎంచుకున్నాడు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారే, ఆ సన్నాయి సరిగ్గా అదే బాపతు. నాలుగు గోడల మధ్య ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది?

ఆ ఏడు పారువేట ఉత్సవానికి స్వామి పల్లకి కొండ దిగింది, ముందర కొత్త సన్నాయితో తొలిసారి మామ నడిచాడు. తన పెళ్లికి తానే ఊరూరూ తిరిగి పిలిచే దేవుడాయన. ఆ ఊరేగింపు ముగిసేదాకా వాయించేవాళ్లు పల్లకిని వదిలి ఇంటికి పోకూడదు. ముందు వాగవతలి ఊరు, మరుసటి రోజు మా ఊరు.

మా అమ్మ కమలాక్షమ్మ అప్పుడు నన్ను కడుపుతో ఉండి పుట్టింటికొచ్చింది. పొద్దున్నే అవతలి గట్టు నుంచి డోలు వినపడింది. అవ్వకు అప్పటికే ఊపిరి అందడం లేదు. అయినా తల ఎత్తి చెవి ఒగ్గింది.

"డోలు వినపడతాండాది. సన్నాయి యాది?"

మా అమ్మకూ డోలే వినపడుతోంది. "వాయిస్తాండాడుమా. బాగా విను."

"నాకు చెవుడేం రాలేదు. మీ నాయనది ఈడికి ఖంగుమని వినపడుతుండె. వానికి ఒంట్లో బాగలేదేమో కమలాక్షీ. ఎవరినన్నా పంపి చూపిచ్చు."

ఆ దిగులుతోనే మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. అవతలి గట్టు మీద ఆమె కొడుకు మాత్రం అమ్మ వింటోందని గొంతు నరాలు ఉబ్బేలా ఊదుతూనే ఉన్నాడు.

కబురు తీసుకుపోయిన మనిషి మామను పల్లకి ముందరే కలిశాడు. మైల వచ్చినవాడు స్వామి ముందర నిలవకూడదు. సన్నాయి పక్కవాడి చేతికిచ్చి, మామ మోకాటి లోతు నీళ్లలో పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అమ్మ విన్న్యాదా అక్కా?" అన్నదే ఆయన మొదటి మాట. మా అమ్మ మొహం పక్కకు తిప్పుకుని అవ్వ మీది దుప్పటి సర్దింది. స్వామి వాయిద్యం శవం ముందర పనికిరాదు కాబట్టి సాగనంపేటప్పుడు కూడా ఆమెకు కొడుకు సన్నాయి దక్కలేదు.

కర్మలన్నీ ముగిశాక మామ చిలక్కొయ్య మీది తాత సన్నాయి దించాడు. కొత్త పీక బిగించి, వాగు దాటిపోయి ఊదాడు. మా అమ్మ ఖాళీ మంచం పక్కన కూర్చుని వింది. ఒక్క స్వరం కూడా తప్పిపోకుండా వినపడింది. ఏడ్చి ఏడ్చి, మామ తిరిగొచ్చేలోగా మొహం కడుక్కుంది.

"వినపడిందా అక్కా?"

"ల్యా. యాడ వినపడుతాది రా, గాలి అటు తిరిగిండాది," అంది మా అమ్మ.

మామ ఆమె ఎర్రబడ్డ కళ్ల వైపు చూశాడు. మరుసటి ఏడు నుంచి పల్లకి ముందర తాత సన్నాయే వాయించాడు. వాగు గట్టుకు చేరేసరికి ఒకసారి ఆపి, మా ఇంటి వైపు తిరిగి, మళ్లీ మొదటి నుంచి ఊదేవాడు.