హీటర్ బాగా పనిచేస్తోంది

2015 జులైలో నన్ను డునెడిన్ కార్యాలయం నుంచి సెంట్రల్ ఒటాగో ద్రాక్షతోటల తనిఖీకి పంపారు. దక్షిణార్ధగోళం కాబట్టి అక్కడ జులై అంటే నడి చలికాలం. అప్పుడు నేను సీనియర్ లేబర్ ఇన్‌స్పెక్టర్‌ని. మాకు అరెస్టు చేసే అధికారం లేదు. ముందుగా చెప్పకుండా పనిచోటికి వెళ్ళవచ్చు, యజమాని ఎదుట లేకుండా కార్మికులతో మాట్లాడవచ్చు, లోపం కనిపిస్తే సరిదిద్దమని నోటీసు ఇవ్వవచ్చు.

నా వెంట వచ్చిన జూనియర్ స్రవంతిది కరీంనగర్. ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుని ఉద్యోగంలో చేరింది. ఆఫీసులో అక్కడి పద్ధతి ప్రకారం నన్ను పేరు పెట్టి పిలిచేది, కార్లో మాత్రం అంకుల్ అనేది.

ఆ తోటలో చలికాలం కొమ్మల కత్తిరింపుకు ఒక పసిఫిక్ దీవి నుంచి పన్నెండుమంది వచ్చారు. అందరిదీ ఒకే ఊరు. ఏ ఏడు ఎవరిని పిలవాలో యజమాని ఇష్టం. బస కూడా ఆయనే చూపాలి. ఆయన చూపిన బస రెండు పాత ఇనుప కంటెయినర్లు.

యజమానిని బయట ఉండమని, స్రవంతి ఒక్కొక్కరినీ ప్రశ్నించింది. నేను పక్క కంటెయినర్‌లో మంచాలు చూసి వచ్చేసరికి ఆమె మొహం అదోలా ఉంది.

"అంకుల్, అందరూ హీటర్ మంచిగ పనిచేస్తుందనే చెప్తున్నరు."

"మంచిదేగా."

"నేను అడిగింది వాళ్ళ పేర్లు."

హీటర్ మూలన ఉంది. చుట్టిన వైరు ఇంకా విప్పలేదు. వాళ్ళ పెద్ద తోమస్ మా ఇద్దరినీ పక్కకు పిలిచి విషయం చెప్పాడు. ఫిర్యాదు చేస్తే వచ్చే ఏడు తమ ఊరిని పిలవరు, ఇంకో దీవివాళ్ళు సిద్ధంగా ఉన్నారు, ఊళ్ళో బడి నడిచేది ఈ జీతాలతోనే. దయచేసి తమ నోటి మాటగా ఏదీ రాయవద్దన్నాడు.

సరేనన్నాను. యజమానిని లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. తనిఖీ పత్రాన్ని ఆయనకు చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. సాధారణంగా ముఖ్యమైనవే చదువుతాం. ఆ రోజు పదకొండు పేజీలూ చదివాను. నాలుగో పేజీలో ఆయన చేతులు చంకల్లోకి పోయాయి. ఆరో పేజీలో పాదాలు నేలకు తాటించసాగాడు. ఎనిమిదో పేజీలో, ఆ హీటరు పెట్టమని తోమస్‌కు చెప్పాడు.

"బాగా పనిచేస్తుందండీ" అని తోమస్ కదలకుండా నిలబడ్డాడు.

యజమానే లేచి వైరు విప్పి, ప్లగ్ పట్టుకుని నాలుగు గోడలూ వెతికాడు. ఆ కంటెయినర్‌లో ప్లగ్ పెట్టే చోటు లేదు. స్రవంతి దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వెళ్ళిపోయింది. నేను కార్మికుల మాట ఒక్కటీ రాయలేదు. యజమాని హీటరు కోరారనీ, పెట్టలేకపోయారనీ రాశాను. ఆయన సంతకం చేశాడు.

మేమిచ్చిన నోటీసు గడువులోగా కరెంటు వచ్చింది, గోడలకు చెక్క వేశారు. మరుసటి ఏడు వెళ్ళి చూస్తే లోపల వెచ్చగా ఉంది. ఉన్నది వేరే దీవివాళ్ళు.

గోడను సరిదిద్దమని నోటీసు ఇవ్వగలం, ఎవరిని పిలవాలన్న ఇష్టాన్ని సరిదిద్దమని ఇవ్వలేం. అప్పట్నుంచి ప్రతి తనిఖీలో, పోయినేటి మనుషులను మళ్ళీ ఎందుకు పిలవలేదని కూడా అడిగి రాసేవాణ్ణి. దానికి జవాబు చెప్పి తీరాలన్న నిబంధన మాత్రం ఏదీ లేదు.