పద్నాలుగో ఫ్లాపీ

ఎనభైల చివర్లో నేను నూజివీడులో ఉంటూ మామిడి తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేసేదాన్ని. చాట్రాయి తోటల్లో మూడేళ్లు తిరిగి రాసుకున్న వివరాలన్నీ కాలేజీ కంప్యూటర్‌లోకి ఎక్కించి, నోటుపుస్తకాలు తూకానికి అమ్మేశాను. థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా పిడుగు పడి కంప్యూటర్ కాలిపోయింది.

బ్యాకప్ తీసిన పద్నాలుగు ఫ్లాపీలు పట్టుకుని విజయవాడలోని ఒక కంప్యూటర్ సెంటర్‌కు పరుగెత్తాను. వాళ్లది వేరే రకం మెషిన్. మొదటి ఫ్లాపీకే వెర్షన్ కలవడం లేదని తెర మీద వచ్చింది.

"ఇందులోకి ఎక్కవండీ" అన్నాడు ఆపరేటర్.

అందరి ముందూ నేల మీద కూలబడి ఏడ్చేశాను. "నా మూడేళ్లండీ! ఏదో ఒకటి చేయండి!"

అతను కంగారుపడ్డాడు. "ఏడవకండి మేడం. మీ పాత మెషిన్ స్టార్ట్ చేసే ఫ్లాపీ ఉంటే తెండి, దాంతో చూద్దాం."

మర్నాడు కాలేజీ బీరువాలో వెతికి తెచ్చిచ్చాను. దానితో వాళ్ల మెషిన్ స్టార్ట్ చేస్తే పదమూడు ఫ్లాపీలూ ఎక్కాయి. పద్నాలుగోది ఎన్నిసార్లు పెట్టినా ఎక్కలేదు. చివరి సీజన్ వివరాలన్నీ అందులోనే ఉన్నాయి.

మా గైడ్ గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన, "చెట్లు అక్కడే ఉన్నాయి కదమ్మా. ఇంకో సీజన్ చూసి రాసుకో" అన్నారు.

ఆయన తిట్టి పంపించి ఉంటే, ఆ రోజే చదువు మానేసేదాన్ని.