పంతులుగారి పది నిమిషాలు

మా అమ్మాయికి ఏడో ఏట షుగరు వచ్చింది. బందరులో ఈ మాట చెబితే జనం ముందు నన్ను ఎగాదిగా చూసేవారు. "అంత చిన్నపిల్లకి షుగరేమిటండీ? మీరేం పెట్టేవారు?" అని ఒకరు. "కాకరకాయ రసం పట్టండి" అని ఒకరు. "పెళ్ళినాటికి అదే తగ్గిపోతుందిలెండి" అని ఇంకొకరు. అన్నవాళ్ళ చేతిలో చాలాసార్లు లడ్డూల పొట్లం కూడా ఉండేది. పరామర్శకు వట్టి చేతులతో రాకూడదు కదా, అందులోనూ బందరులో.

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పిల్లకి రోజూ నాలుగుసార్లు సూది గుచ్చలేక మొదటి నెలంతా ఏడ్చాను. తర్వాత ఏడుపు మాని ఊరికి పాఠం మొదలుపెట్టాను. వీధి చివర కొట్టావిడకి, బడిలో ఆయమ్మకి, మా అత్తగారికి, ఆడపడుచుకి, అందరికీ ఒకటే పాఠం: దానికి తీపి పెట్టొద్దు, అడిగినా పెట్టొద్దు, ఏడ్చినా పెట్టొద్దు. ఇన్సులిన్ వేశాక అన్నం ఆలస్యమైతే షుగరు పడిపోతుందనీ, అప్పుడు పంచదారే మందనీ కూడా చెప్పాలి. చెప్పలేదు. రెండు మాటలు చెబితే జనం తమకు నచ్చిన మాటే పట్టుకుంటారని నా అనుభవం. కష్టమైన లెక్కను మర్నాటికి వాయిదా వేసినట్టు దాన్నీ వాయిదా వేశాను.

నా విద్యార్థులందరిలోకీ ఫస్టు మా ఆడపడుచు. కిందటేడు ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల పక్కన ఇల్లు కట్టుకుని, గృహప్రవేశానికీ వ్రతానికీ పిలిచింది. పన్నెండున్నరకి పంతులుగారిని అడిగాను, ఇంకెంతసేపండీ అని. "పది నిమిషాలమ్మా, అయిపోవచ్చింది" అన్నారు. వెంటనే పాపకి ఇన్సులిన్ వేసేశాను. అందరి కాకరకాయ రసాన్నీ ఎగతాళి చేసిన నేను, పంతులుగారి పది నిమిషాలను మాత్రం డాక్టరు చీటీలా నమ్మాను.

ఐదు అధ్యాయాల వ్రతకథ అప్పటికి ఇంకా మూడో అధ్యాయంలోనే ఉంది. నైవేద్యం కానిదే ఎవరికీ విస్తరి వెయ్యరు. అది చూసుకోవలసినదాన్ని, పెరట్లో ఉన్నాను. అక్కడ ఎవరో పిన్నిగారు "అసలీ జబ్బేమిటమ్మా?" అని అడిగారు. అడిగితే నేనాగను. అరగంట పాఠం చెప్పాను.

లోపల జరిగింది నాకు తర్వాత తెలిసింది. పాప వెళ్ళి పీటల మీద కూర్చున్న మేనత్త చెవిలో అడిగిందట, "అత్తా, వణుకొస్తోంది, కొంచెం పంచదార పెట్టవా?" అని. "అమ్మో, మీ అమ్మ నన్ను బతకనిస్తుందా? పూజ కానీ, అన్నం తిందువుగాని" అందట ఆవిడ. తర్వాత నాన్నమ్మ దగ్గరికెళ్ళి పటికబెల్లం గిన్నె చూపించిందట. ఆవిడ ఆ గిన్నెను అలమరలో పెట్టేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు "పాపం, ఎంత ఆశో చూడండి" అని నవ్వారట. ఒక్కరూ పాఠం మరిచిపోలేదు.

"ప్రసాదం ఎంగిలి చేసిందీ!" అన్న కేక విని లోపలికి పరుగెత్తాను. పాప మండపం ముందు కూలబడి ఉంది. ఒళ్ళంతా చెమట, పెదాలు పాలిపోయాయి, మూతికి రవ్వ అంటుకుంది. ఒక చెయ్యి ప్రసాదం గిన్నెలో ఉంది. ఆ చేతిని మా ఆడపడుచు బయటికి లాగుతోంది. నా మాట నిలబెట్టడానికే. నేను కింద కూర్చుని, దేవుడింకా ముట్టని ప్రసాదాన్ని కొంచెం కొంచెంగా పాప నోట్లో పెట్టాను. పంతులుగారు కథ ఆపారు. నాకు పుట్టిన భయం ఇంతా అంతా కాదు.

పావుగంటకి పాప తేరుకుని నావైపు చూసింది. "నువ్వు తిడతావని ఎవరూ పెట్టలేదమ్మా" అంది.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పంచడానికేం లేదు, మొత్తం నాదే.

బందరు రాగానే, పాపని వెంటబెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి పాఠానికి బయల్దేరాను. "అదేంటండీ టీచరుగారూ, పెట్టొద్దన్నదీ మీరే, పెట్టమంటున్నదీ మీరేనా?" అంది కొట్టావిడ. నేను గొంతు సవరించుకుని విడమరిచి చెప్పబోతుంటే పాప అడ్డం వచ్చింది.

"ఆంటీ, వణుకొస్తోందని నేనడిగితే వెంటనే పంచదార పెట్టండి. మా అమ్మనడగొద్దు."