పెన్సిల్‌తో రాసిన పసుపు గేటు

ఇప్పటికీ నాకు పెన్సిల్‌తో ఏదైనా రాయాలంటే చెయ్యి రాదు. కిరాణా చీటీ కూడా పెన్నుతోనే రాస్తాను. మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ. ఆ రోజు పంజాగుట్ట రోడ్డు మీద నా పరుగు చూసి ఉంటే నవ్వేవాడు కాదు.

అమీర్‌పేటలో ఖాళీ గోడ కనిపిస్తే కంప్యూటర్ కోర్సు పోస్టరు అంటించే రోజులవి. బస్సు దిగడం ఆలస్యం, చేతిలో నాలుగు కరపత్రాలు కుక్కేవారు. ఊళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లలో గదికి నలుగురైదుగురు చొప్పున సర్దుకునేవారు. నేనూ గుంటూరు నుంచి వచ్చి అలాంటి ఒక గదిలోనే ఉండేదాన్ని. కాకపోతే గదిలో మిగతావాళ్లు ప్రోగ్రాములు నేర్చుకుంటుంటే, నేను సామాజిక శాస్త్రంలో పరిశోధన అంటూ కనిపించిన వాళ్లనల్లా ప్రశ్నలడుగుతూ తిరిగేదాన్ని.

అప్పుడే మూడు విశ్వవిద్యాలయాలు కలిసి ఒక పని పెట్టుకున్నాయి. సమాజ భద్రత మీద ఉమ్మడి పరిశోధన అని దానికి పెద్ద పేరు. అసలు సంగతి చిన్నదే. ఇంటికి దూరంగా హాస్టళ్లలో ఉండే ఆడపిల్లలు ఎక్కడ, ఎందుకు భయపడుతున్నారో కనుక్కుని, ఏం చేస్తే ఆ భయం తగ్గుతుందో చెప్పాలి. మా శాఖవాళ్లం అమ్మాయిలతో మాట్లాడి ఫారాలు నింపాలి. ఇంకో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన కంప్యూటర్ సారు వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి లెక్క తేల్చాలి. మూడోచోటి నుంచి వచ్చిన లా మేడం చట్టం ఏమంటుందో చూడాలి.

కాగితం మీద బాగానే ఉంది. తీరా కూర్చుంటే ఒకరి మాట ఒకరికి పడేది కాదు. కంప్యూటర్ సారుది ఈ ఊరే, మంచి మనిషే. కానీ ఏం చెప్పినా "గేటు కాడ కెమెరా పెడితే అయిపోతది గదా" అనేవారు. లా మేడం అయితే మరీనూ. ఫారంలో ఒక్కో ప్రశ్నా పట్టుకుని, "ఇది ఎందుకమ్మా అడగడం? రేపు దీనివల్ల ఆ పిల్లకి ఇబ్బందొస్తే జవాబు చెప్పేది ఎవరు?" అంటూ వారాల తరబడి పని కదలనివ్వలేదు. వెనకాల నేను ఆవిణ్ణి అడ్డుపుల్ల మేడం అనేదాన్ని. ఆవిడ పోరు పడలేకే ఫారం మీద అమ్మాయి పేరుగానీ హాస్టల్ పేరుగానీ రాయకూడదనీ, నంబరు ఒక్కటే వెయ్యాలనీ ఒప్పుకున్నాం.

అయితే మా శాఖలో ఒక అలవాటు ఉండేది. మళ్లీ వెళ్లినప్పుడు మనిషిని గుర్తుపట్టడానికి ఫారం అంచున పెన్సిల్‌తో ఒక ముక్క రాసుకునేవాళ్లం. చెరిగిపోయేది కాబట్టి అది రాతే కాదని మా లెక్క. ఫారాలు అప్పగించే ముందు కూర్చుని రబ్బరుతో చెరిపేసేవాళ్లం.

ఆ అమ్మాయిని నేను కలిసింది మా వీధికి రెండు వీధుల అవతల, ఒక హాస్టల్ డాబా మీద. బట్టలారేస్తోంది. వరంగల్ వైపు పిల్ల, నర్సింగ్ చదువుతూ ఆసుపత్రిలో డ్యూటీలు చేసేది. ఆ హాస్టల్లో తనొక్కతే నర్సింగ్, మిగతావాళ్లంతా కంప్యూటర్ కోర్సులే. మొదట ఏం అడిగినా "ఏం లేదక్కా, అంత మంచిగనే ఉన్నది" అంది. క్లిప్పులన్నీ పెట్టేశాక నా పక్కన వచ్చి కూర్చుంది.

"గదులల్ల లోపటి గడియలన్నీ పీకిచ్చిండక్కా మా ఓనరు. గడియ పెట్టుకొని హీటర్లు వాడుతున్నరంట. ఇంకో తాళంచెవి ఆయన తాన ఉంటది. నేను నైట్ డ్యూటీ చేసొచ్చి పగటిపూట పండుకుంట గదా, అప్పుడు అందరు క్లాసులకు పోతరు. నల్లా చూస్తా, ఫ్యాను చూస్తా అని తలుపు తీసుకొని లోపటికొస్తడు. కండ్లు తెరిస్తే ఎదురుంగ నిలబడి ఉంటడు."

"మరి ఎట్లా పడుకుంటున్నావు?"

"బకెట్ నిండ నీళ్లు పట్టి తలుపుకు అడ్డం పెడతా. దాని మీద నా పెట్టె. తలుపు కదిల్తే చప్పుడైతది, లేస్తా."

రాయడం ఆపేశాను. ఇంట్లో చెప్పకపోయావా అంటే తల అడ్డంగా ఊపింది.

"ఓనరు మా నాయినకు దోస్తు. ఆయనున్నడనే నన్ను పట్నం పంపిండు. నేను నోరు తెరిచిన్నని తెలిస్తే ఈయన ఎల్లగొడ్తడు, నాయిన తీస్కపోయి ఇంట్ల కూసోబెడ్తడు. ఇంక ఆర్నెల్లల్ల నా కోర్సు అయిపోతది. జర నా పేరు రాయకక్కా."

"నీ పేరే కాదు, నీ నీడ కూడా కనపడదు" అన్నాను. ఎంత గొప్పగా అన్నానో. కిందికొచ్చి మెట్ల మీద నిలబడి ఫారం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాను: పసుపు గేటు, మూడో అంతస్తు, నర్సింగ్ అమ్మాయి, పగలు పడుకుంటుంది.

ఆ కట్ట ఫారాలు ఇవ్వాల్సిన రోజు కంప్యూటర్ సారు పంపిన మనిషి బండి స్టాండు కూడా వెయ్యకుండా కింద హారన్ కొడుతున్నాడు. ఉన్నవి ఉన్నట్టుగా కట్టేసి ఇచ్చాను. రబ్బరు మాటే మర్చిపోయాను.

తర్వాత పంజాగుట్టలో ఒక మీటింగు హాలు తీసుకుని సభ పెట్టారు. హాస్టల్ ఓనర్లందరినీ, మునిసిపాలిటీ అధికారినీ పిలిచారు. అందరికీ నివేదిక పంచాలి. ఆ పొద్దున నేను ఇడ్లీ తింటూ, రెండు రోజుల కిందట నాకు చూసుకోమని పంపిన చిత్తు ప్రతి తిరగేస్తున్నాను. చివరి పేజీల్లో 'ఇతర వివరాలు' అని ఒక వరస ఉంది. అందులో నా పెన్సిల్ రాత, అక్షరం పొల్లుపోకుండా, అచ్చులో. మాకు పెన్సిల్ రాత రాత కాదు. వాళ్లకేమో కాగితం మీద ఏం కనిపిస్తే అది ఎక్కించడమే పని. ఇడ్లీ పళ్లెం పక్కకు నెట్టేశాను.

ఆ చుట్టుపక్కల పసుపు గేటు హాస్టల్ అదొక్కటే. చదివేవాళ్లలో ఆ ఓనరూ ఉంటాడు.

ఫోన్ చేద్దామంటే ఎవరూ ఎత్తరు, అంతా హాల్లో ఉన్నారు. చెప్పులేసుకుని పరిగెత్తి ఆటో ఎక్కాను. అమీర్‌పేట చౌరస్తా దాటేసరికి బండి ఆగిపోయింది. ఆటో అతను ఇంజను ఆపేసి వెనక్కి తిరిగాడు.

"అక్కా, దిగి నడిస్తెనే జల్దీ పోతవ్. పంజాగుట్ట దాంక జామే ఉన్నది. పైసలు ఏం వద్దు, పో."

దిగి నడవలేదు, ఉరికాను. చున్నీ జారుతోంది, ఒక చెప్పు తెగింది, ఆసుపత్రి ముందు పళ్లబండిని గుద్దుకుని తిట్లు తిన్నాను. దారంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. నీడ కూడా కనపడదన్నావే దరిద్రపుదానా, ఇప్పుడా పిల్ల పెట్టె సర్దుకోవాలా నీ వల్ల?

మూడంతస్తులు ఎక్కి హాల్లో అడుగుపెట్టేసరికి నివేదికలు పంచేశారు. పసుపు గేటు ఓనరు రెండో వరసలో కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ చదువుతున్నాడు. దగ్గర్లో ఉన్నది లా మేడమే. ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కెళ్లి, చేసిన తప్పంతా చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చేసింది.

ఆవిడ తన చేతిలో ఉన్న నివేదిక చివరి పేజీ తీసి నా ముందు పెట్టారు. ఆ వరస లేదు. అట్టనుంచి అట్టదాకా వెతికాను, ఎక్కడా లేదు.

"నిన్న సారు ఫోన్ చేసి, 'మేడం, గీ పసుపు గేటేంది? లెక్కల్లకొస్తలేదు' అన్నారు. వెళ్లి చూశాను. పేరు లేదు కానీ మనిషి కనిపించేస్తోందమ్మా. ఇద్దరం కూర్చుని కంప్యూటర్లోంచి తీసేసి మళ్లీ ప్రింటు వేయించాం. పాత ప్రతులన్నీ నేనే చింపాను, నీ దగ్గర ఉన్నదొక్కటే మిగిలింది. ఇలా తే."

ఇచ్చాను. అమ్మయ్య అనుకుంటూ అక్కడే నేలమీద కూలబడ్డాను. కంప్యూటర్ సారు దూరం నుంచి చూసి మంచినీళ్ల గ్లాసు పట్టుకొచ్చారు. ఇన్నాళ్లూ వెనకాల ఆవిణ్ణి ఏమనేదాన్నో గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

నివేదికలో మిగిలింది ఒక్క వాక్యం: కొన్ని హాస్టళ్లలో గదులకు లోపలి గడియలు లేవు, తాళంచెవులు యజమానుల దగ్గర ఉంటున్నాయి. మేడం దాన్ని పైకి చదివారు. మునిసిపాలిటీ అధికారి లేచి, వచ్చే నెల నుంచి హాస్టళ్లన్నీ తిరిగి చూస్తామన్నాడు. అప్పుడు మా పసుపు గేటు ఓనరు కళ్లజోడు తీసి, "గసొంటి హాస్టళ్లు సుత ఉన్నయా సార్? సిగ్గుండాలె" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ఓనర్లు అవునవునని తలలూపారు. నేను నవ్వాలో చెప్పు తియ్యాలో తెలియక నేల చూస్తూ కూర్చున్నాను. తీద్దామన్నా ఒకటి అప్పటికే తెగింది.

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లాను. తన గదిలో మంచం మీద కూర్చోబెట్టుకుని, పెన్సిల్ దగ్గర్నుంచి అన్నీ చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు, ఎవరికీ తెలిసేది కాదు. నాకు నిద్ర పట్టేది కాదు, అంతే.

మొత్తం వింది. తర్వాత, "గదెందుకు రాసినవ్ అక్కా? యాది లేకుంటే మళ్లొచ్చి నన్నడిగితే అయిపోతుండె గదా" అంది. గొంతులో కోపం ఉంది. ఉండాలి కూడా. తప్పయిపోయిందన్నాను.

అప్పుడు లేచి నన్ను చెయ్యి పట్టుకుని గది బయట నిలబెట్టి, తలుపేసుకుంది. లోపల ఇనుము మీద ఇనుము జరిగిన చప్పుడైంది.

"ఇప్పుడు తొయ్యక్కా."

తోశాను. రాలేదు.

"గట్టిగ తొయ్యి. మునిసిపాలిటోళ్లు చూస్తానికొస్తరని మా ఓనరే మళ్ల గడియలు పెట్టిచ్చిండు."

భుజం ఆనించి ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి తోశాను. తలుపు ఇసుమంతైనా కదల్లేదు. లోపల్నుంచి ఆ పిల్ల నవ్వు వినిపించింది. బాత్రూం ముందు ఎవరో ఖాళీ బకెట్ బోర్లించి ఉంచారు. దాని మీద కూర్చుని, తలుపు తీసేదాకా నేనూ నవ్వుతూనే ఉన్నాను.