కొండకు ఇవతలి వైపు

మా పెద్దమామ పోయారని కార్డు వచ్చినప్పుడు నేను చిత్తూరులో, మా వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి ఉన్నాను. పోస్టుమాన్ అక్కడికే తెచ్చి ఇచ్చాడు. చదివాను. అయినా వరస వదల్లేదు. నా వంతు వచ్చాక రెండు బిందెలు పట్టుకుని ఇంటికొచ్చి, వాటిని దించి, అప్పుడు కూర్చుని ఏడ్చాను. ఇలా రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆయన మాత్రం తప్పు పట్టేవారు కాదు.

పెద్దమామ అంటే మా మామగారి అన్న. హైస్కూల్లో సోషల్ అయ్యవారుగా చేసి రిటైరయ్యారు. మా అత్తవారి ఊరు తిరుపతి నుంచి పీలేరు పోయే దారిలో, భాకరాపేట కనుమ దాటాక ఉంటుంది. ఆ ఊళ్లో ఆయన ఒక్క చెంబు నీళ్లతో మొహం, కాళ్లు రెండూ కడుక్కునేవారు. అదీ మునగచెట్టు మొదట్లో నిలబడి. ఎవరేమడిగినా కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి పెట్టుకున్నాకే జవాబు. ఆ కాస్త సేపట్లోనే అడిగినవాళ్ల కోపం సగం దిగిపోయేది.

నేను తిరుపతిలో, అలిపిరి దగ్గర పుట్టి పెరిగిన పిల్లను. పెళ్లయి ఈ ఊరికి వచ్చిన ఏడాది వాన ముఖం చాటేసింది. మరుసటి ఏడూ అంతే. చెనిక్కాయ చెట్లు పూత మీదే మాడిపోయాయి. బావిలో నీళ్లు అడుగంటి, తోడితే బురద వచ్చేది. ముందు ఎవరన్నారో తెలియదు గానీ, ఈ పిల్ల కాలు పెట్టినాకనే అన్న మాట మెల్లగా ఊరంతా తిరిగి మా గడప దాకా వచ్చింది. సోదె చెప్పే ఆవిడ కూడా అదే చెప్పింది. అత్త చెడ్డ మనిషి కాదు. ఎండిన చేను చూసి చూసి విసిగిన మనిషి. వానలు పడేదాకా నన్ను పుట్టింట్లో ఉంచుదామంది. నా భర్త తల ఎత్తలేదు, ఔననలేదు, కాదనలేదు. పుట్టింటికి అలా పంపిన ఆడపిల్లను మళ్లీ ఎప్పుడు పిలుచుకొస్తారో నాకు తెలుసు. నోరు మూసుకుని చీరలు మూట కట్టుకున్నాను.

పెద్దమామ వాదించలేదు. తానే నన్ను దిగబెట్టి వస్తానన్నారు. అయితే అత్త కూడా వెంట రావాలన్నారు.

అది కార్తీకమాసం. ముగ్గురం బస్సెక్కాం. కనుమ మొదటి దాకా కిటికీలోంచి దుమ్మే. దిగడం మొదలయ్యాక మూడు నాలుగు మలుపులు తిరిగామో లేదో, గాలి చల్లబడింది. రోడ్డు నల్లగా తడిసి ఉంది. రాళ్ల మీంచి నీళ్లు జారుతున్నాయి. ఇంకాస్త దిగితే సన్నటి జల్లు. అత్త అటూ ఇటూ చూసి, ఇంత దగ్గర కురిసే వాన మనకెందుకు రాదని అడిగింది.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. సముద్రం మీంచి వచ్చే గాలి తేమ తెస్తుందని, కొండ అడ్డం వస్తే పైకెక్కాల్సిందేనని, ఎక్కేకొద్దీ చల్లబడి ఆ నీళ్లను ఇటువైపే కురిపించేస్తుందని చెప్పారు. కొండ దాటి మన వైపు దిగేది ఉత్త గాలి. దిగేకొద్దీ వేడెక్కి, మన నేలలో ఉన్న తడి కూడా పీల్చుకుపోతుంది. ఎండాకాలం తర్వాత పడమర నుంచి వచ్చే గాలికీ పడమటి కనుమలు ఇలాగే అడ్డం. రెండు దిక్కులా కొండలే. ముప్పై ఏళ్లు నల్లబల్ల మీద గీసి గీసి అలసిన గొంతు అది. ఎక్కడా హెచ్చలేదు.

"హిమాలయాల ఆపక్క దినాల తరబడి నడిచినా చెట్టు కనపడని ఎడారులు ఉండాయమ్మా. వాన ఈపక్కనే ఆగిపోయి, ఆపక్క అట్లయిపోయినాయి" అన్నారు. అత్త వైపు తిరిగి, "ఆడ ఏ కోడలు కాలు పెట్టిందో నువ్వే చెప్పు" అన్నారు.

అత్త తిరుపతి చేరేదాకా ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చుంది. మా అమ్మ వండి పెట్టింది తిని, రాత్రికి ఉండి, తెల్లారి నా మూట తనే చంకన పెట్టుకుని "పదమ్మే, పోదాం" అంది. అంతకు మించి ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు. సోదె ఆవిడ మళ్లీ వచ్చినప్పుడు మాత్రం గడపలోనే నిలబెట్టి, "తప్పు మా కోడలిది కాదు, కొండది" అని పంపేసింది.

ఆ ఏడూ వాన పడలేదు. ఎద్దులు అమ్మేశాం. మరో రెండేళ్లకు మామగారు పోయారు, మేం అత్తను తీసుకుని చిత్తూరొచ్చేశాం. బయల్దేరే రోజు నేను పెద్దమామతో, మీరు చెప్పినంత మాత్రాన ఏం ఒరిగింది, ఊరు విడవక తప్పలేదు కదా అన్నాను. నిష్ఠూరంగానే అన్నాను. ఆయనకు కోపం రాలేదు.

"తెలిసినంత మాత్రాన నేల తడవదమ్మా. తెలీకపోతే మాత్రం జనం ఎవురో ఒకరి మీద పడతారు" అన్నారు.

మాతో రమ్మంటే, ఇంక నాకు ఓపిక లేదమ్మా అన్నారు. అందులో అబద్ధం లేదు. ఆ తర్వాత ఎప్పుడు వెళ్లినా అరుగు మీదే, గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవారు.

పెద్దకర్మకు అత్తను తీసుకుని వెళ్లాను. ఇంటికి సున్నం కొడుతున్నారు. సున్నం అరుగు గోడ దగ్గరికి వచ్చేసరికి అత్త కర్ర ఊతంతో లేచి వెళ్లి, సున్నం కొట్టే మనిషికి చెయ్యి అడ్డం పెట్టింది. అతను అక్కడ వదిలేసి పక్కకు జరిగాడు. సాయంత్రానికి గోడంతా తెల్లగా ఆరింది. ఆయన తల ఆనించుకునే చోట మాత్రం, అరచేయంత నూనె మరక అలాగే ఉంది.