తాత ముంగల అయిన రాజీ

...అందుకే నిన్న అక్కడ్నే ఆపిన, ఇగ రాయబుద్ది కాలె. మా పక్కింటి వకీలు తాత పోయిండు. పొద్దుగాల చాయ్ తాగుకుంట కూసున్నోడు కూసున్నట్లే పోయిండంట. నాకు ఏడుపు వస్తలేదు, భయమైతుంది. కాయితాల్లారా, మీకే చెప్తున్న, ఇంకెవ్వరికీ చెప్పలె.

మిర్యాలగూడల మాకు రైస్ మిల్లుంది. కోదాడ సేటు ఒకాయన ఫోన్ల ఫొటో సూసి లోడు బియ్యం కొన్నడు. దిగినంక నూకలు ఎక్కువున్నయి, పైసలియ్య అన్నడు. ఇద్దరు మెసేజ్‌లల్ల తిట్టుకున్నరు. నాన్న అవి ప్రింట్ తీసుకొని కేసేస్త అని తాత దగ్గరికి పోయిండు.

"ఉత్త ప్రింట్ కోర్టుల నడవదయ్యా. ఏ ఫోన్ల నుంచి ఎట్ల తీసినవో సర్టిఫికెట్ పెట్టాలె. ముందుగాల ఆయన్ని పిలువు."

తాతకొక పద్ధతుండె. కొట్లాడినోళ్లను ఎదురెదురు కూసోబెట్టి, ఒకరి మెసేజ్‌లు ఇంకొకరితోని గట్టిగ సదివిస్తడు. ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగు ఆయనకు సదవరాదు, అందుకే వాళ్లు సరిగ సదువుతున్నరో లేదో చూడనీకి నన్ను పక్కకు కూసోబెట్టుకునేటోడు. ఫీజు కింద పల్లిపట్టి ఇచ్చేటోడు. నన్ను మనిషి లెక్క చూసింది ఆయనొక్కడే.

సేటు వచ్చి ఎదురుంగ కూసున్నంక, ఆయన మెసేజ్ నాన్న సదివిండు. "నువ్వు పెద్ద మోసగాడివి."

"అబ్బే, అంత మాట నేనన్లేదండీ!"

"అన్నవ్ సేటూ. తిట్టి మళ్ల కింద దండం బొమ్మ పెట్టినవేంది?" అన్నడు నాన్న.

"అలవాటండీ."

అందరం నవ్వినం. ఆఖరికి తాత తేల్చిండు: సేటు సగం లోడు వాపస్ పంపాలె, సగం ఉంచుకొని దానికి పైసలియ్యాలె. నాన్న సరే అన్నడు. నా చెవులతోని విన్న.

"ఫోన్ల మాట ఉరుకుతది, నోటి మాట నడుస్తది. ఇయ్యాల చెయ్యి కలపుండ్రి, రేపు కాయితం రాసుకుందాం" అన్నడు తాత. ఒక రాత్రి గడిచి కోపం సల్లారినంకనే సంతకం, ఎప్పుడైనా అంతే. ఆ తెల్లారే పోయిండు.

ఇప్పుడు నాన్న రాజీయే కాలె, లోడు మొత్తానికి పైసలియ్యాలె అంటుండు. "కాయితమేది? సాక్ష్యమెవరు?" అని ఫోన్ల అరుస్తుండు. సాక్ష్యం నేనే కద. చెప్తే నాన్న ఇజ్జత్ పోతది. చెప్పకుంటే తాత మాట పోతది. ఏది రైటో సమజైతలేదు. గిసొంటివి అడగాల్నంటే తాత దగ్గరికే ఉరుకుదును.

తలుపు కొడ్తున్నరు. నాన్న.

"బిడ్డా, సేటు లారీ పంపిండు. ఆ దినం నువ్వు గాడనే ఉన్నవు కద, రాజీ అయిందో లేదో నిన్నే అడగమంటుండు. జర బయటికి రా."

ఈ రాసిన కాయితాలు పరుపు కిందకి తోస్తున్న. కిటికీలకెల్లి మిల్లు గేటు కాడ లారీ కనవడ్తుంది. బస్తాలు సగం వరకే ఉన్నయ్. వాటి మీద తాడు వదులుగ ఊగుతుంది.