పులసో, విలసో

ముందు గాజు మోగింది. సన్నగా, వరసగా, ఎవరో సీసాలను వేలిగోటితో కొట్టుకుంటూ వస్తున్నట్టు. ఆ తరవాతే, ఫార్మలిన్ వాసనకు మండుతున్న నా కళ్ళకు, బీరువాల మధ్య నుంచి నతానియేలు గారు కనిపించారు. మోత బోలుగా వస్తే లోపల మందు తగ్గినట్టట. మూత తియ్యకుండానే చెప్పేస్తారు.

గవర్నర్‌పేటలోని మా కాలేజీ జువాలజీ మ్యూజియానికి ఆయన ముప్ఫై ఏళ్ళుగా అటెండరు. నూట పదమూడు సీసాలు. కొల్లేటి కొర్రమీను, నాగాయలంక జెల్ల, బందరు కాలువ బొమ్మిడాయి. అన్నీ ఆయన సైకిలెక్కి, డబ్బా నీళ్ళలో ఊగుతూ బెజవాడ చేరినవే.

వచ్చే నెల ఆ గదిలో కంప్యూటర్లు పెడుతున్నారు. చేపలను తీసుకోవడానికి ఒక పెద్ద మ్యూజియం ఒప్పుకుంది. అక్కడైతే ఏ దేశపు పరిశోధకులైనా అడిగి చూసుకోవచ్చు. షరతు ఒకటే: ప్రతి చేపా ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాసి పంపాలి. ఊరు లేని చేప వాళ్ళ లెక్కలోకి రాదు.

ఆ ఊళ్ళు పాత పెన్సిలు చీటీల మీద ఉండేవి. రెండేళ్ళ కిందట తనిఖీకి వస్తున్నారంటే సీసాలన్నిటికీ నున్నటి కంప్యూటరు లేబుళ్ళు అంటించారు. వాటి మీద లాటిన్ పేర్లే ఉన్నాయి. మరకలు పడ్డ చీటీలను ఒక్కొక్కటే తీసి చెత్తబుట్టలో వేసింది నతానియేలు గారే.

జువాలజీ లెక్చరరు శాలిని గారు, ఆఫీసు గుమాస్తానైన నేను జాబితా రాయడానికి కూర్చున్నాం. ఆయన కూర్చోలేదు.

"కాసేపు ఆ స్టూలు మీద కూర్చోండి, నతానియేలు గారూ. కళ్ళు తిరుగుతున్నాయి మాకు," అన్నారు శాలిని గారు.

"కూర్చుంటే గుర్తు రాదు మేడమ్. ఇది రాసుకోండి. గుణదల మేరీమాత తిరునాళ్ళ మర్నాడు, అవనిగడ్డ రేవు. మా పెద్దది పుట్టిన ఏడు."

"మీ పెద్దది ఎప్పుడు పుట్టిందో మ్యూజియం వాళ్ళకెలా తెలుస్తుందండీ?"

"మీరు తేదీ వెయ్యండి, నేను పిల్ల పుట్టినరోజు చెప్తాను."

మూడు రోజులు కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతూ నూట పన్నెండు చేపల ఊళ్ళు చెప్పారు. ఆఖరి సీసా దగ్గర ఆగిపోయారు. అందులో వెండి రంగు చేప. సముద్రంలో ఉన్నంత కాలం దాని పేరు విలస. ఏటికి ఎదురీదితే పులస.

"చీటీ మీద ఏముండేది?" అన్నారు శాలిని గారు.

"పులస. బజార్లో కొన్నాను. అమ్మినావిడ చెప్పిందే రాశాను."

"ఇంకేం! ఏట్లో పట్టిందే. గోదావరి అని రాసేద్దాం. పరిశోధకులు అన్నిటికన్నా ముందు దాన్నే అడుగుతారు."

ఆయన నవ్వారు. "బజార్లో విలస అమ్మేవాళ్ళని చూశారా మేడమ్ ఎప్పుడైనా? నాలుగు చినుకులు పడితే చాలు, బుట్టలో ఉన్నయ్యన్నీ పులసలే."

"ఊరు రాయకపోతే తీసుకోరండీ. నిజమా కాదా అని ఎవరొచ్చి అడుగుతారు?"

 ఆయన ఆ సీసాను గోటితో మరోసారి కొట్టి చూశారు. మర్నాడు పొద్దున్నే చేపల బజారుకు వెళ్ళారు. అమ్మినావిడ పోయి నాలుగేళ్ళయిందట. తిరిగొచ్చి, నా చేతిలో పెన్సిలు తీసుకుని, జాబితా చివర తానే రాశారు: బజారులో కొన్నది. పట్టిన చోటు తెలియదు.

పది రోజులకు జవాబు వచ్చింది. నూట పన్నెండూ రిజిస్టరులో చేరతాయి. ఆ ఒక్కటి చేరదు. పంపిస్తే పిల్లలకు చూపించడానికి విడిగా ఉంచుతామన్నారు.

వ్యాను వచ్చిన రోజు గడ్డి పరిచి సీసాలన్నీ ఆయనే సర్దారు. కట్టిన పెట్టెలు విప్పారు, మళ్ళీ కట్టారు. వ్యాను మలుపు తిరిగాక కూడా ఆయన వేళ్ళు గేటు ఊచల మీద కొడుతూనే ఉన్నాయి. నేను స్కూటరు తీస్తుంటే వెనకే వచ్చారు.

"పిల్లలు పట్టుకుంటే ఆ సీసా మూత వదులవుద్దండీ. నెలకోసారి గోటితో కొట్టి చూడమనండి. బోలుగా మోగితే మందు పొయ్యమనండి. మర్చిపోకుండా మ్యూజియం వాళ్ళకి ఫోన్ చేసి చెప్తారుగా?"